మామ బండికి వేసిన ముడులు

పాత ఇనుప సామాన్లు కొనే ఆటో మా వీధిలోకి వచ్చిన రోజు మా మామ తన మోటారుసైకిలును మేకల కొట్టంలోంచి బయటికి తోసుకొచ్చి నిలబెట్టాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ బండి కొట్టంలో ఒక మూల, చిరిగిన పట్టా కింద ఉండేది. దాని మీద కోళ్లు పడుకునేవి. సీటు లోపలి స్పాంజిని ఎలుకలు ఎప్పుడో పీకేశాయి. టైర్లలో గాలి లేక మామ తోస్తుంటే నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది.

ఆటో అతను బండి చుట్టూ తిరిగి ట్యాంకు మీద వేళ్లతో తట్టి చూశాడు. పెరట్లో గిన్నెలు తోముతున్న మా అత్త ఆ చప్పుడుకు లేచి, చేతులకు అంటిన బూడిద కూడా కడుక్కోకుండా వాకిట్లోకి వచ్చింది.

"ఏందయ్యా ఇది?"

"నడవని బండి. పెట్టుకుని ఏం చేసుకుంటాం?" అన్నాడు మామ.

"నడవకపోతే పోయింది. నిన్నేమన్నా కూడు పెట్టమంటుందా?"

ఆయన ఇంట్లో మాట్లాడేదే తక్కువ. బండి హ్యాండిలు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. అమ్మాలని ఉన్నవాడు నిలబడే తీరు కాదది. తలుపు పక్కన నిలబడి చూస్తున్న నాకు ఏమనిపించిందో తెలియదు, నోరు దానంతటది కదిలింది.

"అత్తా, నేనొకసారి చూస్తానని మామకు చెప్పు."

మామ నాకు నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా అత్తకే చెప్పాను. మా ఇంట్లో అప్పటికి అదే పద్ధతి. కోడలు మామతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు. మొదట్లో నేను సిగ్గుపడ్డాను, ఆయన కూడా మొహమాటపడ్డాడు, తర్వాత అదే అలవాటైపోయింది. అన్నం వడ్డించాలన్నా, ఫోన్ వచ్చిందని చెప్పాలన్నా మధ్యలో అత్త ఉండాల్సిందే. మా ఆయన బోరు లారీ మీద పనిచేస్తాడు. ఏ రాష్ట్రంలో బోర్లు పడుతుంటే అక్కడ ఉంటాడు. నెలల తరబడి ఇంట్లో మేం ముగ్గురమే. అందులో ఇద్దరి మధ్య మాటల్లేకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు.

"నువ్వేం చూస్తావే?" అంది అత్త ఆశ్చర్యంగా. వెంటనే తనకే గుర్తొచ్చింది. "అవునయ్యో, ఈ పిల్ల కరెంటు చదువు చదివింది కదా!"

నేను గిద్దలూరులో పుట్టి పెరిగాను. పదో తరగతి తర్వాత మా నాయన నన్ను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సులో చేర్పించాడు. క్లాసు నిండా మగపిల్లలే. నాకు ఆ పని ఇష్టంగానే ఉండేది. పెళ్లయ్యాక ఆ చదువు ఫ్యాన్లకు, మిక్సీకి, పొలం దగ్గర మోటారు స్టార్టరుకు మాత్రమే పనికొచ్చింది. బండ్ల జోలికి నేనెప్పుడూ పోలేదు.

మామ అత్త వైపే చూస్తూ చెప్పాడు. "వైరింగు మొత్తం పోయింది. మార్కాపురంలో చూపించినా. ఈ మోడలు తెలిసిన మెకానిక్కు ముసలోడై షెడ్డు మూసేసినాడు. ఇప్పటోళ్లు సామాను దొరకదు, పక్కన పడెయ్యి అంటున్నారు."

అన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట నేను వినడం అదే మొదలు. ఆటో అతను విరిగిన కుర్చీ ఒకటి, చిల్లుపడ్డ బిందె ఒకటి వేసుకుని వెళ్లిపోయాడు. బండి వాకిట్లోనే ఉండిపోయింది.

మిరపకోతలు అయిపోయి చేలల్లో పనిలేని రోజులవి. మర్నాడు పొద్దున్నే కొట్టం నీడలో గోనెపట్టాలు పరిచి కూర్చున్నాం. మామ ట్యాంకు విప్పి, లోపల సన్న కంకర పోసి, నీళ్లు పోసి, ఆడిస్తూ కూర్చున్నాడు. తుప్పునీళ్లు టీ డికాషన్‌లా కారాయి. నేను కిక్కు రాడ్డును చేత్తో నొక్కి చూశాను. ఇన్నేళ్లు కదలకుండా ఉన్న ఇంజను బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను. మెత్తగా కిందికి దిగింది.

"అత్తా, ఇంజను పట్టేయలేదే! ఎట్ల?"

అత్త నవ్వింది. "మీ మామ మేకలకు మేతేసే వంకతో పోయి ప్లగ్గు విప్పి ఆయిలు చుక్కలు పోసి వచ్చేవాడులే. నాకు తెలియదనుకుంటాడు."

మామ ట్యాంకును ఇంకాస్త గట్టిగా ఆడించాడు.

బండికి కరెంటు ఎట్లా వస్తుందో నాకున్న చదువుతో, ఫోన్‌లో చూసిన వీడియోలతో ఒక లెక్కకు వచ్చాను. ఆ పాత రకం బండి స్టార్టు కావడానికి బ్యాటరీ అక్కర్లేదు. కిక్కు కొడితే ఇంజను పక్కన మాగ్నెట్ తిరుగుతుంది. అక్కడ పుట్టిన కరెంటు పాయింట్లనే చిన్న లోహపు బిళ్లల గుండా, ట్యాంకు కింది కాయిల్ గుండా ప్లగ్గుకు చేరి నిప్పురవ్వ అవుతుంది. తాళం తిప్పి బండి ఆపినప్పుడు ఆ కరెంటు ప్లగ్గు దాకా పోకుండా బండి ఇనుములోకే దిగిపోతుంది. దాన్నే ఎర్తు అంటారు. రవ్వ రావడం లేదంటే దారిలో ఎక్కడో తెగి ఉండాలి, లేదా తాళం ఆన్ చేసినా కరెంటు ఎర్తులోకే పోతూ ఉండాలి.

పాయింట్లు నల్లగా మసిపట్టి ఉంటే గరుకు కాగితంతో రుద్ది శుభ్రం చేశాను. తర్వాత హెడ్‌లైటు విప్పాను. వైర్లన్నీ అందులోనే కలుస్తాయి. లోపల పాత గూడొకటి, ఎలుకల పెంట, కొరికిన వైర్ల ముక్కలు. అయినా వైర్ల రంగులు ఇంకా తెలుస్తున్నాయి.

"అత్తా, ఆ ఎర్ర వైరు పట్టుకోమను మామను. కరెంటు పోతుందో లేదో మీటరు పెట్టి చూస్తా."

మామ ఆకుపచ్చ వైరు పట్టుకున్నాడు.

వినపడలేదేమో అనుకుని మళ్లీ చెప్పాను. ఆయన దాన్ని వదిలేసి, కాసేపు వెతికి, గోధుమరంగు వైరు పట్టుకున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. ఈయనకు నా మాట వినడం ఇష్టం లేదు కాబోలు అని మనసులో చిన్నబుచ్చుకున్నాను. ఇంతలో చేటలో బియ్యం చెరుగుతున్న అత్త చేట పక్కన పెట్టి వచ్చి, ఏమీ అనకుండా ఎర్ర వైరు తీసి ఆయన వేళ్ల మధ్య పెట్టి, మళ్లీ వెళ్లి చేట అందుకుంది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె ముఖంలో విసుగు లేదు, ఆశ్చర్యం లేదు. మజ్జిగ అడగకముందే గ్లాసు చేతికిచ్చినంత మామూలుగా చేసింది.

అప్పుడు చూశాను. కొన్ని వైర్ల చివర్లకు గోతాలు కుట్టే దారం కట్టి ఉంది. దుమ్ము పట్టి వైరులో కలిసిపోయింది. ఒకదానికి ఒక ముడి, ఒకదానికి రెండు. ఇంకొన్నింటికి దారం పోగు మాత్రం వేలాడుతోంది, ముడి ఉన్న చోట ఎలుక కొరికేసింది.

ఆ సాయంత్రం మామ గేదె పాలు పోయడానికి కేంద్రానికి వెళ్లాక అత్త పక్కన కూర్చున్నాను. ఎట్లా అడగాలో తెలియక నేరుగానే అడిగాను.

"అత్తా, మామకు రంగులు తెలియవా?"

అత్త చేస్తున్న పని ఆపి నా వైపు చూసింది. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న కదా.

"ఎరుపు, ఆకుపచ్చ ఒకటే మాదిరి కనపడతాయంట. పుట్టుకతోనే అంత. నాకు పెళ్లైన కొత్తల్లో తెలిసింది. కంభం తిరనాళ్లకు పోయి నాకొక చీర తెచ్చినాడు. 'నీకు ఆకుపచ్చ ఇష్టమని చెప్పినావు కదా, ఏరి ఏరి తెచ్చినా' అన్నాడు. విప్పి చూస్తే ఇటికరాయి రంగు. దుకాణమోడు చెప్పినా వినకుండా తానే ఏరుకున్నాడంట, నాకని."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటా? బాగుందన్నా. కట్టుకున్నా. చిరిగిపోయిందాకా అది ఆకుపచ్చ చీరే మా ఇంట్లో." అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "తర్వాత తనే కనిపెట్టినాడులే, మా అక్క ఏదో అంటే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అప్పట్నుంచి ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు."

ఒక్కొక్కటిగా నాకు గుర్తుకొచ్చాయి. మిరపకోతలప్పుడు మామ ఎప్పుడూ కాయ కొయ్యడు. బస్తాలు మోస్తాడు, నీళ్లు తెస్తాడు, కల్లంలో కాయలు తిరగేస్తాడు. పండినవీ పచ్చివీ కలిపి కోస్తాడని భయం. ఊళ్లో వాళ్లు "మీ మామ దొర, వంగి కాయ కొయ్యడు" అని నా ముందే ఎగతాళి చేశారు. నేనూ నవ్వాను. టమోటాలు కొనాలన్నా, పురుగుమందు సీసా మూత రంగు చూడాలన్నా ఆయన అత్తను పిలిచేవాడు. ఆ పిలుపును నేను పెద్దరికం అనుకున్నాను.

"ఆ ముడులు నువ్వేసినవేనా?"

"నేనే. మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు వైర్లన్నీ కాలిపోతే మెకానిక్కు కొత్తవి వేసినాడు. దారిలో ఎక్కడన్నా ఊడితే ఎట్లా పెట్టుకోవాలని ఈయనకు దిగులు. మెకానిక్కు చెప్పింది గుర్తుపెట్టుకుని ఇంటికొచ్చి, దీనికొకటి, దీనికి రెండు అంటుంటే నేను వేసినా. పూలు కట్టే చెయ్యి కదా, ఊడలేదు. ఎలకలు కొరికినాక ఒకరోజు ఎండలో దాని ముందరే కూర్చుని కూర్చుని లేచినాడు. లేచి పట్టా కప్పేసినాడు. ముడులు మళ్లీ వెయ్యమని నన్నన్నా అడిగింది లేదు."

ఆమె లేచి పొయ్యి ముట్టించడానికి వెళ్లింది.

మర్నాడు రవ్వ వస్తుందో లేదో చూడాలి. ప్లగ్గు విప్పి, వైరు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి కిక్కు కొడితే రవ్వ కనపడాలి. రవ్వకు దూరంగా ఉండాలని మామ పెట్రోలు డబ్బాను, ట్యాంకును తనే తీసుకెళ్లి వీధి గడప దగ్గర పెట్టి వచ్చాడు. ఎండలో సన్న రవ్వ కనపడదని అత్త లోపల్నుంచి దుప్పటి తెచ్చింది. దాన్ని మా తలల మీద, బండి మీద కప్పుకున్నాం. ఒక చేత్తో ప్లగ్గు పట్టుకున్న నేను, కిక్కు మీద చెయ్యి వేసిన మామ, దుప్పటి అంచు పట్టుకున్న అత్త. ఆయిలు వాసన, అత్త తలకు రాసుకున్న కొబ్బరినూనె వాసన, ఉక్క. ఎవరైనా ఆ వేళకు వాకిట్లోకి వచ్చి చూసుంటే ఏమనుకునేవారో.

మామ కిక్కు నొక్కాడు. ఏమీ రాలేదు. ఇంకోసారి. లేదు.

నేను దుప్పట్లోంచి బయటికొచ్చి ఆలోచించాను. తాళం దగ్గర్నుంచి కాయిల్‌కు వచ్చే వైరును కాయిల్ దగ్గరే విప్పేశాను. తాళం మీదనే అనుమానం. మళ్లీ దుప్పటి కప్పుకున్నాం.

"కొట్టండి మామా," అన్నాను.

నా మాటకు మధ్యలో అత్త లేదు. ఆ సంగతి నేను అన్న తర్వాత గానీ నాకే తెలియలేదు. మామ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కిక్కు గట్టిగా నొక్కాడు.

టిక్కుమని చిన్న చప్పుడు. ప్లగ్గు కొన దగ్గర ఆవగింజంత వెలుగు.

"నీలం!" అన్నాడు మామ.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బడిలో అందరికంటే ముందు జవాబు దొరికిన పిల్లవాడిలా అన్నాడు. "నీలం రవ్వ అమ్మాయ్! నీలంగా వస్తే బలంగా ఉన్నట్టు. మెకానిక్కు చెప్పేవాడు."

"అవును మామా. నీలమే."

"నీలం ఆయనకు బాగా తెలుస్తాది," అంది అత్త చీకట్లో. "మా పెళ్లిలో నేను కట్టుకున్న నీలం చీర అంచు ఎంతుందో కూడా చెప్తాడు."

ముగ్గురం దుప్పట్లోనే నవ్వాం. నాకు తెలుసని ఆయనకు అప్పుడే అర్థమైంది. దుప్పటి తీశాక ఎండలో నా ముఖం చూడలేక చూపు బండి మీదికి తిప్పుకున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు.

"మీ అత్త చెప్పిందా?"

"నేనే కనుక్కున్నా మామా. ముడులు చూసి."

"వానికి తెలియదు." వాడు అంటే మా ఆయన.

"నేను చెప్పను."

తలూపాడు. అంతే. తర్వాత ట్యాంకు తెచ్చి బిగించి, పెట్రోలు పోశాడు. కిక్కు మీద కాలు పెట్టి లేచి కొట్టాడు. చాలాసార్లు ఉత్తగానే దగ్గి ఊరుకుంది. తర్వాత ఒక్కసారిగా అందుకుంది. సైలెన్సరులోంచి పొగ, దుమ్ము, ఎండిన గడ్డి ఎగజిమ్మాయి. కోళ్లు గోడ దూకాయి. మేకలు తాళ్లు తెంపుకునేంత పని చేశాయి. మామ యాక్సిలేటరు తిప్పుతూ నిలబడ్డాడు. ఆ కళ్లు చూసి నేను తల తిప్పుకున్నాను.

"ఇంక ఆపయ్యా, చెవులు పోతున్నాయి!" అని అరిచింది అత్త.

మామ తాళం తిప్పాడు. బండి ఆగలేదు. తాళం బయటికే తీసేశాడు. అయినా ఆగలేదు. నేను విప్పి పక్కన పెట్టిన వైరే బండిని ఆపే వైరని అప్పుడు గుర్తొచ్చింది. "అయ్యో, అది ఆగదు మామా!" అని నేను అరిస్తే, ఆ శబ్దంలో ఆయనకు వినపడక తాళం మళ్లీ పెట్టి తిప్పుతున్నాడు. చివరికి బ్రేకు గట్టిగా పట్టి గేరులో వేసి క్లచ్చి వదిలాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగింది. అత్త చెవుల మీద చేతులు తీయకుండానే నవ్వుతోంది.

ట్యాంకు మళ్లీ విప్పి ఆ వైరు వెంబడి చేత్తో తడుముకుంటూ పోతే, ట్యాంకు కింద ఎలుక కొరికిన చోట రాగి బయటపడి ఫ్రేముకు తగులుతూ ఉంది. తాళం ఆన్ చేసినా చేయకపోయినా కరెంటు అక్కడే దిగిపోయేది. ఇన్నేళ్లు బండి నిలబడిపోవడానికి కారణం ఆ వేలెడంత చోటు.

ఎలుకలు కొరికినవి ఎన్నో ఉన్నాయి కాబట్టి వైర్లన్నీ మార్చాలనుకున్నాం. మార్కాపురం నుంచి కొత్త వైరు తెచ్చి నేను ఒక్కొక్కటి కోసి వేస్తుంటే అత్త గోతాల దారం ఉండ తెచ్చుకుని పక్కన కూర్చుంది.

"అమ్మాయ్, తాళం వైరుకు ఎన్నేద్దాం?" అన్నాడు మామ. నన్నే అడిగాడు.

"మీకు ఎట్లా గుర్తుంటే అట్లా చెప్పండి మామా."

"అది ముఖ్యమైనది. ఒకటే వెయ్యి. వేలు పెట్టగానే తెలియాల."

ఆయన చెబుతూ పోయాడు, అత్త ముడులు వేస్తూ పోయింది. ప్రతి ముడినీ పంటితో లాగి బిగించింది. నేను మీటరు పెట్టి చూసి సరే అన్నాక ఆయన బొటనవేలితో ముడి తడిమి, తనలో తాను పేరు అనుకుని తగిలించాడు. హారను, హెడ్‌లైటు, వెనక లైటు. మధ్యాహ్నం అన్నాలు కూడా ఆలస్యమయ్యాయి.

మధ్యలో ఉన్నట్టుండి అడిగాడు. "మిరపచేను పండినప్పుడు ఎట్లుంటది అమ్మాయ్? రోడ్డు మీద పోయేటోళ్లు కూడా ఆగి చూస్తారే. ఎర్రగా ఉంది, ఎర్రగా ఉంది అంటారు. నాకు చేనంతా ఒకటే మాదిరి."

ఎరుపును దేనితో పోల్చి చెప్పినా అది కూడా ఆయనకు కనపడనిదే అవుతుంది. చాలాసేపు ఆలోచించి, "ఆకుల మధ్యలో ఎవరో పిలిచినట్టుంటది మామా. చెయ్యి దానంతటదే అటు పోతాది," అన్నాను.

ఆయన చేతిలోని ముడిని బొటనవేలితో మరోసారి తడిమాడు. "కోసేటోళ్ల చేతులు చూస్తే నాకూ అట్లనే అనిపించేది," అన్నాడు.

కొత్త టైర్లు వేయించాక బండి మీద మామ, అత్త మొదటిసారి పెద్దారవీడు దాకా వెళ్లి వచ్చారు. వచ్చేటప్పుడు అత్త నడుం పట్టుకుని దిగి, సీటు మీద ఇంకోసారి కూర్చుంటే ఒట్టు అంది. మర్నాడు పొద్దున పొలానికి మళ్లీ అదే సీటు మీద, మడిచిన గోనెసంచి వేసుకుని కూర్చుంది. కొన్నాళ్లకు మామ నాకు చేను దారిలో నడపడం నేర్పాడు. గేరు మార్చేటప్పుడు నేను తడబడితే విసుక్కోలేదు. "ఇంజను మాట విను, అదే అడుగుతాది" అనేవాడు.

వానలు మొదలయ్యాక మా ఆయన ఇంటికి వచ్చాడు. ఫోన్‌లో చెప్పినా నమ్మలేదు. బట్టలు కూడా మార్చుకోకుండా బండి దగ్గరికి వెళ్లి కిక్కు కొట్టాడు. రాలేదు. మళ్లీ కొట్టాడు. మామ గడప మీద కూర్చుని చూస్తూ, "నువ్వు కొడుతున్నావు. అది కొట్టించుకోదు. మెల్లగ నొక్కి, రాడ్డు పైకొచ్చినాక అప్పుడు తొక్కు," అన్నాడు. అట్లా చేస్తే అందుకుంది.

తర్వాత మా ఆయన హెడ్‌లైటు పక్కన వేలాడుతున్న దారం చూశాడు. "ఈ ముడులేంది? ఎవరేసినారు?"

అత్త నా వైపు చూసింది. నేను నేల చూశాను. చెప్పనని మాట ఇచ్చాను కదా.

మామ గడప మీద నుంచి లేవకుండానే అన్నాడు. "నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదురా. చిన్నప్పట్నుంచీ. అందుకని మీ అమ్మ వేసింది."

మా ఆయన బండి ఆపాడు. తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు. చిన్నప్పుడు తను పుస్తకంలో రంగులు వేసి తెచ్చి చూపిస్తే నాయన ఎప్పుడూ "బాగుంది" అని పక్కకు పెట్టేవాడని, శ్రద్ధ లేదనుకునేవాడినని తర్వాత నాతో అన్నాడు. అప్పుడు మాత్రం వెళ్లి గడప మీద తండ్రి పక్కనే, భుజం ఆనేలా కూర్చున్నాడు. ఇద్దరూ అట్లా కూర్చోవడం నేను చూడలేదెప్పుడూ.

"పెట్రోలు ఉందా నాయనా దాంట్లో?" అన్నాడు కాసేపటికి.

"అడుగున ఉంది."

"పా, పోయించుకొద్దాం. నువ్వు నడుపు."

మామ లేచి పంచె సర్దుకున్నాడు. మా ఆయన వెనక కూర్చున్నాడు. బండి వీధి మలుపు తిరుగుతుంటే అత్త వాకిట్లోకి పరుగెత్తి, కరివేపాకు తెమ్మని కేక వేసింది. వాళ్లకు వినపడిందో లేదో తెలియదు.